పొరను పట్టుకున్నవీ, విడిగా తిరిగేవీ

మన కాలేయం రోజుకు పది పదిహేను గ్రాముల ఆల్బుమిన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అవే కణాలు అదే సమయంలో ఫెరిటిన్ అనే ఇంకో ప్రోటీనును కూడా తయారుచేస్తాయి. లోపల బోలుగా ఉండే ఈ ఫెరిటిన్ ఒక్కొక్కటీ నాలుగున్నర వేల దాకా ఇనుము పరమాణువులను దాచుకోగలదు. ఆల్బుమిన్ కణం దాటి వెళ్లిపోతుంది, ఫెరిటిన్ చాలావరకు కణంలోనే ఉండిపోతుంది. ఒక అమైనో ఆమ్లం పక్కన ఇంకొకటి చేర్చుకుంటూ ఈ రెండింటినీ కూర్చేవి రైబోజోములే. కాకపోతే ఆల్బుమిన్‌ను కూర్చే రైబోజోములు కణంలోపలి ఒక పొరను అంటుకుని ఉంటాయి. ఫెరిటిన్‌ను కూర్చేవి ఎక్కువగా కణద్రవ్యంలో విడిగా తిరుగుతుంటాయి. జీవశాస్త్రం పాఠ్యపుస్తకంలో ఇది రెండు వాక్యాల్లో అయిపోయే విషయం. ఆ రెండు వాక్యాలు ధైర్యంగా రాయగలగడానికి నలభై ఏళ్ల శ్రమ పట్టింది. అందులో పెద్ద భాగం ఎలుక కాలేయం మీద జరిగింది.

మొదలు మాత్రం కోడికి వచ్చే కంతి దగ్గర. 1911లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పేటన్ రౌస్ ఒక కోడి కంతిని మెత్తగా నూరి, కణాలేవీ దాటలేనంత సన్నని వడపోత గుండా పోనిచ్చాడు. కిందికి దిగిన ద్రవాన్ని మంచి కోడికి ఎక్కిస్తే దానికీ అదే కంతి వచ్చింది. ఆ ద్రవంలో ఉన్నదేమిటో విడదీసి చూడాలని 1929లో అదే సంస్థకు ఆల్బర్ట్ క్లాడ్ వచ్చి చేరాడు. బెల్జియంలో లాంగ్లియే అనే పల్లెటూరి మనిషి. హైస్కూలు చదువు లేదు, కుర్రతనంలో ఉక్కు కర్మాగారంలో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ గూఢచారి విభాగానికి సాయపడ్డాడు. యుద్ధంలో పనిచేసినవాళ్లకు చదువు అర్హతల్లో ఇచ్చిన సడలింపు వల్లే ఆయనకు లియేజ్‌లో వైద్యం చదివే వీలు దొరికింది.

క్లాడ్ కంతిని నూరి, ఆ ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో చాలా వేగంగా తిప్పాడు. గొట్టం అడుగున సన్నని మడ్డి దిగింది. కంతిని పుట్టించే శక్తి ఆ మడ్డిలో బాగా పోగైంది. అందులో ఆర్ఎన్ఎ కూడా పుష్కలంగా ఉంది. తాను వెతుకుతున్న వైరస్ చేతికి చిక్కిందని అక్కడితో ఆగిపోవచ్చు. ఆయన ఆగలేదు. ఏ రోగమూ లేని కోడి పిండాన్ని తీసుకుని అదే పద్ధతిలో నూరి, అంతే వేగంతో తిప్పి చూశాడు. అచ్చం అలాంటి మడ్డే దిగింది. అందులోనూ ఆర్ఎన్ఎ ఉంది. అంటే ఆ రేణువుల్లో ఎక్కువ భాగం వైరస్ కాదు, ఆరోగ్యంగా ఉన్న ప్రతి కణంలోనూ ఉండే సరంజామా. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ ఒక్క పోలిక. క్యాన్సర్ వైరస్ కోసం బయలుదేరిన మనిషి, మంచి కణం లోపల ఏముందో చూడాల్సిన దారిలోకి మళ్లాడు. 1943లో ఆ రేణువులకు మైక్రోజోములు అని పేరు పెట్టాడు.

అదే కాలంలో యూరప్‌లో ఇద్దరు వేరువేరు దారుల్లో ఒకే మాట దగ్గరికి వచ్చారు. బ్రసెల్స్‌లో జాన్ బ్రాషే రంగులద్ది, స్టాక్‌హోంలో టోర్‌బ్యోర్న్ కాస్పెర్సన్ అతినీలలోహిత కాంతితో కొలిచి, ప్రోటీన్లు ఎక్కువగా తయారుచేసే కణాల్లోనే ఆర్ఎన్ఎ ఎక్కువగా ఉంటుందని గమనించారు. క్లోమం, కాలేయం ఆ వరసలో ముందున్నాయి. ఆర్ఎన్ఎకూ ప్రోటీన్ల తయారీకీ ఏదో సంబంధం ఉందని అర్థమైంది. ఆ సంబంధం ఏమిటో ఇంకా తెలియదు.

క్లాడ్ కోడి పిండాల నుంచి కాలేయం వైపు తిరిగాడు. ప్రయోగశాలలో కాలేయం అంత అనువైన అవయవం ఇంకోటి లేదంటే అతిశయం కాదు. ఒక్క ఎలుకలోనే గ్రాముల కొద్దీ దొరుకుతుంది. మెత్తగా ఉంటుంది, కండలాగా నారలు ఉండవు, సులువుగా నలుగుతుంది. దాని ఘనపరిమాణంలో అత్యధిక భాగం ఒకే రకం కణాలది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ కణం రెండు రకాల పనులూ చేస్తుంది. రక్తంలో తిరిగే ప్రోటీన్లలో చాలావాటిని తయారుచేసి బయటికి పంపుతుంది. మనం తిన్నదాన్ని మార్చడానికి, విషాలను విరగ్గొట్టడానికి కావలసిన ఎంజైములను తయారుచేసి తన దగ్గరే ఉంచుకుంటుంది. బయటి పని, ఇంటి పని రెండూ ఒకే కణంలో పక్కపక్కన జరిగే చోటు కాబట్టే, విడి రైబోజోములకూ పొర రైబోజోములకూ తేడా ఏమిటన్న ప్రశ్న అక్కడ అంత పదునుగా అడగగలిగారు.

1945లో కీత్ పోర్టర్, క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ కలిసి ఒక పూర్తి కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద తీసిన మొదటి చిత్రాన్ని ప్రచురించారు. కోడి పిండం నుంచి పెంచిన కణం అది. దాని లోపల లేసు అల్లికలా ఒక వల కనిపించింది. పోర్టర్ తర్వాత దానికి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అని పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో అది అంతర్జీవద్రవ్య జాలకం. మరుసటి ఏడాది రొమేనియా నుంచి జార్జ్ పలాడే అనే యువ వైద్యుడు అమెరికా చేరాడు. క్లాడ్ చెప్పిన ఒక ఉపన్యాసం విని, వెళ్లి ఆయనను కలిసి, ఆ ప్రయోగశాలలో చేరిపోయాడు. క్లాడ్ 1949లో బెల్జియం తిరిగి వెళ్లిపోయినా పలాడే ఆ పనిని వదల్లేదు.

పలాడే పేరు వినగానే అందరికీ చిత్రాలు గుర్తుకొస్తాయి గానీ, ఆయన మొదట సరిచేసింది కణాన్ని చెడిపోకుండా నిలబెట్టే పద్ధతిని. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టేముందు కణజాలాన్ని ఆస్మియం టెట్రాక్సైడ్‌లో నానబెట్టేవాళ్లు. ఆ క్రమంలో కణం ఆమ్లంగా మారి, లోపలి నిర్మాణం గడ్డలు కట్టి చెదిరిపోయేది. 1952లో పలాడే ఆ ద్రావణం ఆమ్లత్వం మారకుండా బఫర్ కలిపాడు. ఒక్క ఆ మార్పుతో చిత్రాలు తేటపడ్డాయి. ఇంకో వైపు పోర్టర్ చేతుల్లో కణాన్ని పలచటి పొరలుగా కోసే యంత్రం కుదురుకుంది. 1955లో పలాడే ఒక చిన్న రేణువు గురించి వ్యాసం రాశాడు. పది పదిహేను నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్షో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉండే నల్లటి చుక్కలు. కొన్ని జాలకం పొర బయటివైపు వరసగా అంటుకుని ఉన్నాయి. కొన్ని ఏ ఆధారమూ లేకుండా విడిగా ఉన్నాయి.

అన్ని కణాల్లోనూ ఈ రెండు రకాలు ఒకే పాళ్లలో లేవు. జీర్ణరసాలు తయారుచేసి బయటికి పోసే క్లోమం కణాల్లో దాదాపు అన్నీ పొరకు అంటుకునే కనిపించాయి. వేగంగా విభజన చెందుతూ తమ ఒంటిని తామే పెంచుకుంటున్న పిండ కణాల్లో విడివే ఎక్కువ. కాలేయంలో రెండూ ఉన్నాయి. బయటికి పంపే ప్రోటీన్లు పొర మీదా, సొంత వాడకానివి విడి రేణువుల మీదా తయారవుతాయేమో అన్న ఊహ ఈ చిత్రాల నుంచే పుట్టింది. అప్పటికి ఆ చుక్కలకు సరైన పేరు లేదు. అవి ప్రోటీన్లను తయారుచేస్తాయన్న రుజువూ లేదు.

ఆ రుజువు బోస్టన్ నుంచి వచ్చింది. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పాల్ జామెక్నిక్ బృందం రేడియోధార్మిక కార్బన్ కలిగిన అమైనో ఆమ్లాలతో పనిచేసేది. 1952లో ఆ బృందంలోని ఫిలిప్ సీకెవిట్జ్ ఎలుక కాలేయాన్ని నూరి, కణమన్నది మిగలకుండా చేసి, ఆ ద్రవంలోనే రేడియోధార్మిక అలనీన్ ప్రోటీనులో చేరేలా చేయగలిగాడు. ప్రోటీన్ల తయారీకి బతికున్న కణం అక్కర్లేదని, దాని సరుకులు సరిగ్గా కలిస్తే గాజు గొట్టంలోనూ జరుగుతుందని తేలింది. అయితే మైక్రోజోములు ఒక్కటే ఉంటే సరిపోలేదు. శక్తినిచ్చే ఏటీపీ అందుతుండాలి. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే పదార్థాన్ని చేరుకున్న ఏడాదే, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో, కాలేయంలో ఉండే భాస్వర సమ్మేళనాల మీద సుబ్బారావు రాసిన వ్యాసం వెలువడింది. కాలేయం కథ రాస్తూ ఆ పేరు తలచుకోకుండా ముందుకు పోవడం నాకు చేతకాలేదు.

1955లో జామెక్నిక్ బృందమే ఇంకో మెట్టు ఎక్కింది. బతికున్న ఎలుకకు రేడియోధార్మిక లూసీన్ ఎక్కించి, నిమిషాల వ్యవధిలో కాలేయం తీసి, ముక్కలన్నీ వేరుచేసి కొలిచారు. మైక్రోజోముల పొరను డియాక్సీకోలేట్‌తో కరిగించారు. అది పైత్యరసంలో ఉండే ఒక ఆమ్లం తాలూకు లవణం, సబ్బులా కొవ్వును విడగొడుతుంది. పొర కరిగిపోగా ఆర్ఎన్ఎతో నిండిన చిన్న రేణువులు మిగిలాయి. అన్నిటికన్నా ముందు రేడియోధార్మికత కనిపించింది ఆ రేణువుల్లోనే. ఈలోగా సీకెవిట్జ్ రాక్‌ఫెల్లర్‌కు మారి పలాడేతో చేరాడు. 1956లో ఆ ఇద్దరూ ఎలుక కాలేయం మైక్రోజోములను మైక్రోస్కోప్ కిందా, రసాయన పరీక్షల్లోనూ పక్కపక్కన పెట్టి చూశారు. క్లాడ్ పేరు పెట్టిన మైక్రోజోము అసలు బతికున్న కణంలో ఉండే వస్తువే కాదని అప్పుడు స్పష్టమైంది. కణాన్ని నూరినప్పుడు జాలకం తునాతునకలై, ఒక్కో తునక అంచులు మూసుకుని చిన్న సంచీగా మారితే అదే మైక్రోజోము. సంచీ బయటి ముఖాన పలాడే చుక్కలు అలాగే అంటుకుని ఉంటాయి. 1958లో బయోఫిజికల్ సొసైటీ సదస్సులో ఈ రేణువులను ఏమని పిలవాలో తెలియక అందరూ ఇబ్బంది పడుతుంటే, రిచర్డ్ రాబర్ట్స్ రైబోజోము అన్న మాట సూచించాడు. అదే నిలిచింది.

పలాడే, సీకెవిట్జ్ ఆ తర్వాత గినీ పందుల క్లోమం మీద పనిచేశారు. పస్తు పెట్టిన జంతువుకు మేత వేసి, తర్వాత రేడియోధార్మిక అమైనో ఆమ్లం ఎక్కించి, కైమోట్రిప్సినోజెన్ అనే జీర్ణ ప్రోటీను మొదట పొరకంటిన రైబోజోముల్లోనే కనిపిస్తుందని 1960లో చూపారు. ఊహకు బలం వచ్చింది. కానీ క్లోమం పూర్తిగా ఎగుమతి చేసే అవయవం. రెండు పనులూ చేసే కాలేయంలో ఈ విభజన నిలుస్తుందా అన్నదే అసలు పరీక్ష. అందుకు ముందు విడివాటినీ అంటుకున్నవాటినీ ఒకదానితో ఒకటి కలవకుండా వేరుచేయాలి. చెప్పడానికి సులువైన ఈ పని చాలాకాలం ఎవరికీ శుభ్రంగా కుదరలేదు.

ఇక్కడ కథ విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కు మారుతుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో వాన్ పాటర్ దగ్గర గుంటర్ బ్లోబెల్ అనే జర్మన్ వైద్యుడు పరిశోధన విద్యార్థిగా చేరాడు. ఈ పాటర్ పేరు కణాల మీద పనిచేసినవాళ్లందరి చేతుల్లోనూ నలిగింది. కణజాలాన్ని నూరడానికి 1936లో ఆయన, కాన్రాడ్ ఎల్వెజెమ్ తయారుచేసిన పరికరాన్నే ఇప్పటికీ ప్రయోగశాలల్లో వాడుతున్నారు. సన్నని గాజు గొట్టం, అందులో వెంట్రుకవాసి ఖాళీ మాత్రమే వదిలి తిరిగే రోకలి. కణం పగలాలి గానీ కేంద్రకం, మైటోకాండ్రియా నలగకూడదు. ఆ ఖాళీ వెడల్పులోనే ఆ నేర్పంతా ఉంది.

పని ఇలా ఉండేది. ఎలుకను ముందు రాత్రి నుంచి పస్తు ఉంచుతారు. తిండి తిన్న ఎలుక కాలేయంలో గ్లైకోజెన్ నిండుగా ఉంటుంది, సెంట్రిఫ్యూజ్‌లో అది రైబోజోములతో పాటే అడుగుకు దిగి అంతా కలగాపులగం చేస్తుంది. కాలేయం తీసిన క్షణం నుంచీ అంతా మంచు మీదే. కోసి, చక్కెర కలిపిన చల్లని ఉప్పు ద్రావణంలో వేసి, రోకలితో కాసిని పోట్లు వేస్తారు. నలిగిన ద్రవాన్ని చిక్కటి సుక్రోజ్ మీద మెల్లగా పోస్తారు. లీటరులో దాదాపు 685 గ్రాముల చక్కెర ఉన్న ద్రావణం అది, గొట్టం వంచితే లేత పాకంలా బద్ధకంగా జారుతుంది. తర్వాత గురుత్వానికి లక్ష రెట్లకు పైబడిన బలంతో ఒక పగలూ ఒక రాత్రీ తిప్పుతారు. విడి రైబోజోములు బరువైనవి కాబట్టి ఆ చక్కెరను చీల్చుకుంటూ అడుగుకు చేరి, గాజులా పారదర్శకమైన చిన్న బిళ్లగా పేరుకుంటాయి. పొరకు అంటుకున్నవి దిగలేవు. పొరలో కొవ్వు ఉంటుంది, ఆ తేలిక వాటిని చక్కెర పైనే ఆపేస్తుంది.

పద్ధతి ఇంత చక్కగా ఉన్నా రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది, కణం నలిగినప్పుడు ఆర్ఎన్ఎను నరికే ఎంజైము బయటపడుతుంది. ఏ ప్రోటీను కూర్చాలో చెప్పే ఒకే సందేశ ఆర్ఎన్ఎ మీద వరసగా కూర్చున్న రైబోజోముల దండ తెగిపోతుంది. ఎలుక కాలేయపు కణద్రవ్యంలోనే ఆ ఎంజైమును అడ్డుకునే ప్రోటీను ఒకటి ఉంది. బ్లోబెల్, పాటర్ దాన్ని వాడుకుని దండలు తెగకుండా కాపాడారు. దీని మీద 1966లో రాశారు.

రెండో చిక్కు లెక్కది. అంతకుముందు వాళ్లు కేంద్రకాలనూ మైటోకాండ్రియానూ ముందు తక్కువ వేగంతో దించి పక్కన పారేసి, పైన మిగిలిన ద్రవంలోని రైబోజోములనే లెక్కపెట్టేవాళ్లు. జాలకం పెద్ద పెద్ద తునకలు కూడా ఆ పారేసిన మడ్డిలోకే పోతున్నాయి. వాటితో పాటు పొరకంటిన రైబోజోములు బోలెడు పోతున్నాయి. అందువల్ల విడివి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించేవి. బ్లోబెల్, పాటర్ కాలేయంలోని మొత్తం ఆర్ఎన్ఎను ముందు కొలిచి, ప్రతి గొట్టంలో తేలినదాన్నీ, దిగినదాన్నీ ఆ మొత్తంతో సరిచూశారు. ఎక్కడా ఏదీ లెక్క తప్పకూడదన్నది వాళ్ల పట్టుదల. 1967లో వచ్చిన జంట వ్యాసాల పేరే ఎలుక కాలేయంలో విడి, పొరబద్ధ రైబోజోముల అధ్యయనాలు. కాలేయపు రైబోజోముల్లో సుమారు నాలుగింట మూడు వంతులు పొరను పట్టుకుని ఉంటాయని, విడివి నాలుగో వంతు మాత్రమేనని తేలింది. మెరుపులాంటి ఊహ ఏదీ లేని పని ఇది. దీన్ని శాస్త్ర చరిత్రలు ఒక వాక్యంతో దాటేస్తాయి. నా దృష్టిలో మాత్రం తర్వాతి కట్టడమంతా నిలిచింది ఈ పునాది మీదే.

ఈ రెండు గుంపులనూ వేరుగా చేతిలోకి తీసుకోగలిగాక జవాబులు త్వరత్వరగా వచ్చాయి. 1968, 1969 సంవత్సరాల్లో జపాన్, అమెరికా ప్రయోగశాలలు దాదాపు ఒకే సమయంలో ఒకే మాట చెప్పాయి. ఆల్బుమిన్ పొరకంటిన రైబోజోముల మీద, ఫెరిటిన్ ప్రధానంగా విడివాటి మీద తయారవుతున్నాయి. కొల్విన్ రెడ్‌మన్ ఈ పోలిక చేసినవాళ్లలో ఒకడు. అంతకుముందు 1966లోనే ఆయన, అర్జెంటీనా నుంచి వచ్చిన డేవిడ్ సబాటినీ ఒక చక్కటి ప్రయోగం చేశారు. ప్యూరోమైసిన్ అనే మందు, తయారవుతున్న ప్రోటీనును సగంలోనే రైబోజోము నుంచి ఊడగొడుతుంది. కాలేయపు మైక్రోజోములకు ఆ మందు ఇస్తే, ఊడిన ముక్కలు బయటి ద్రవంలోకి రాలేదు, సంచీ లోపలికి పోయాయి. ప్రోటీను పూర్తయ్యాక పొర దాటడం లేదు, తయారవుతూనే దాటుతోందన్నమాట.

మిగిలిన ప్రశ్న ఒక్కటే, కానీ చాలా పెద్దది. రైబోజోముల్లోనే రెండు జాతులున్నాయా? పొరకు అంటుకోవడం ఆ రైబోజోము గుణమా, లేక అది కూరుస్తున్న ప్రోటీను గుణమా?

బ్లోబెల్ 1967లోనే రాక్‌ఫెల్లర్‌కు వచ్చి పలాడే బృందంలో చేరాడు. 1970లో ఆయన, సబాటినీ కాలేయపు రైబోజోముల మీద తయారవుతున్న గొలుసులకు ప్రోటీనును కొరికే ఎంజైము తగిలించారు. బయటికి వచ్చిన భాగం తెగిపోయింది. చివరి 40 అమైనో ఆమ్లాల దాకా మాత్రం రైబోజోము కడుపులో భద్రంగా ఉండిపోయాయి. అంటే గొలుసు మొదటి కొస బయటి ప్రపంచాన్ని చూసేది, అది 40 దాటి పెరిగాకే. 1971లో ఇద్దరూ ఒక ఊహను చిత్రంతో సహా ప్రచురించారు. బయటికి పోవలసిన ప్రోటీన్ల మొదటి కొసలో ఒక ప్రత్యేకమైన వరస ఉంటుందనీ, అది రైబోజోము నుంచి తొంగిచూడగానే దాన్ని గుర్తుపట్టే ఏదో అంశం మొత్తం సరంజామాను పొర దగ్గరికి చేరుస్తుందనీ. చేతిలో నేరుగా రుజువు లేదు. ఆ చిత్రంలో ఆ వరసకు వాళ్లు పెట్టిన గుర్తు ఎక్స్ అన్న ఒక్క అక్షరమే.

1973లో ఎలుక కాలేయం మళ్లీ అక్కరకొచ్చింది. మార్క్ ఏడెల్మన్, సబాటినీ, బ్లోబెల్ రైబోజోములు అంటుకున్న గరుకు మైక్రోజోములను చెడగొట్టకుండా విడదీసే పద్ధతి కనిపెట్టారు. ఉప్పు గాఢత పెంచితే కొన్ని రైబోజోములు ఊడిపోయాయి, మిగిలినవి కదల్లేదు. ఉప్పుతో పాటు ప్యూరోమైసిన్ ఇస్తే మిగిలినవాటిలోనూ అత్యధిక భాగం ఊడిపోయాయి. రైబోజోముకూ పొరకూ మధ్య రెండు ముళ్లున్నాయి. ఒకటి ఉప్పుకు కరిగే ముడి, రెండోది పొరలోకి చొచ్చుకుపోయిన ఆ గొలుసే. ప్రోటీనే లంగరు వేస్తోంది.

ఈలోగా 1972లో కేంబ్రిడ్జిలో సీజర్ మిల్‌స్టైన్ బృందం యాంటీబాడీ చిన్న గొలుసును గాజు గొట్టంలో తయారుచేసినప్పుడు, పొరలు లేకపోతే అది మామూలు కన్నా కాస్త పొడవుగా వస్తోందని గమనించింది. మొదటి కొసలో అదనంగా ఒక తోక. పొరలు ఉంటే ఆ తోక కనబడటం లేదు.

1975లో బ్లోబెల్, బెర్న్‌హార్డ్ డాబర్‌స్టైన్ చేసిన ప్రయోగం జంట వ్యాసాలుగా వచ్చింది. రెండో వ్యాసంలోని కూర్పు చూస్తే ఇప్పటికీ ఆనందం కలుగుతుంది. పొర కుక్క క్లోమం నుంచి తెచ్చారు, ఎందుకంటే అందులో ఆర్ఎన్ఎను నరికే ఎంజైము తక్కువ. దాని మీద అంటుకుని ఉన్న రైబోజోములను ముందే తీసేశారు. రైబోజోము చిన్న భాగం కుందేలు ఎర్రకణాల నుంచి వచ్చింది. పెద్ద భాగం ఎలుక కాలేయంలో విడిగా తిరిగే రైబోజోముల నుంచి. సందేశ ఆర్ఎన్ఎ చిట్టెలుక కంతి నుంచి, యాంటీబాడీ చిన్న గొలుసుది. ఈ ముక్కల్లో ఏవీ అంతకుముందు ఒకదాన్నొకటి చూసినవి కావు. అన్నీ కలపగానే రైబోజోములు పొరను పట్టుకున్నాయి, ప్రోటీను సంచీలోకి పోయింది, తోక తెగిపోయింది. అదే సరంజామాకు హీమోగ్లోబిన్ సందేశం ఇస్తే ప్రోటీను తయారైంది గానీ లోపలికి పోలేదు. ప్రోటీను పూర్తయ్యాక పొర కలిపితే లాభం లేదు, తోక అలాగే ఉండిపోయింది.

సొంత కణంలో పొరను పట్టుకోకుండా విడిగా ఉన్న రైబోజోములు, యాంటీబాడీ సందేశం అందగానే పట్టుకున్నాయి. రైబోజోముల్లో రెండు జాతులు లేవు. ఎక్కడ కూర్చోవాలో చెప్పేది, కూరుస్తున్న ప్రోటీను మొదటి ఇరవై ముప్పై అమైనో ఆమ్లాలు. మనిషి ఆల్బుమిన్‌నే చూడండి. సందేశం ప్రకారం అది మొదట 609 అమైనో ఆమ్లాల గొలుసు. మొదటి 18 పొర చూపించి తెగిపోతాయి. తర్వాతి 6 గాల్జీ సంక్లిష్టం దాటే దారిలో తెగుతాయి. మిగిలిన 585 రక్తంలో చేరతాయి.

తోకను గుర్తుపట్టేది ఏమిటో తేలడానికి ఇంకొంత కాలం పట్టింది. బ్లోబెల్ ప్రయోగశాలలో పీటర్ వాల్టర్, కుక్క క్లోమం పొరలను గాఢమైన ఉప్పుతో కడిగి, ఆ కడుగునీళ్లలోంచి 1980లో ఒక ప్రోటీన్ల ముద్దను శుద్ధిచేశాడు. ఆరు ప్రోటీన్లు. వాటికి తోడు సుమారు 300 అక్షరాల చిన్న ఆర్ఎన్ఎ కూడా ఉందని 1982లో చూశారు. అది రైబోజోము నుంచి తొంగిచూసిన తోకను పట్టుకుంటుంది, పట్టుకోగానే ఆ గొలుసు పెరగడం నెమ్మదిస్తుంది, పొర మీద ఉన్న గ్రాహకం దగ్గరికి మొత్తాన్ని తీసుకెళ్లి అప్పగిస్తుంది. అక్కడ పొరలో ఒక సన్నని దారి తెరుచుకుంటుంది, గొలుసు మళ్లీ పెరుగుతూ అందులోకి దిగుతుంది. పని అయ్యాక రైబోజోము రెండు భాగాలుగా విడిపోయి కణద్రవ్యంలోని ఉమ్మడి నిల్వలో కలుస్తుంది. తర్వాత దానికి ఏ సందేశం దొరుకుతుందన్న దాన్ని బట్టి అది విడిదో, పొరదో అవుతుంది.

1974లో క్లాడ్, పలాడేలకు, లైసోజోములను కనిపెట్టిన క్రిస్టియన్ డి డ్యూవ్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 1999లో బ్లోబెల్‌కు వచ్చింది. బ్లోబెల్ బాల్యంలో, 1945లో, కుటుంబంతో సైలీషియా వదిలి పారిపోతూ డ్రెస్డెన్ నగరం గుండా వెళ్లాడు. బాంబులకు బలి కాకముందు ఆ ఊరు ఎలా ఉండేదో ఆయన కళ్లతో చూశాడు. నోబెల్ సొమ్ములో దాదాపు అంతా డ్రెస్డెన్‌లో కూలిన చర్చిని తిరిగి కట్టడానికీ, యూదుల ప్రార్థనాలయానికీ ఇచ్చేశాడు.

బయటికి పంపేవన్నీ పొర మీద, సొంతానివన్నీ విడిగా అన్న గీత మొదట్లో అనుకున్నంత గట్టిది కాదని తర్వాతి పరిశోధనలు చూపాయి. కణద్రవ్యంలోనే ఉండిపోయే ప్రోటీన్ల సందేశాలు కొన్ని, ఏ తోకా లేకపోయినా, పొర రైబోజోముల మీద దొరుకుతున్నాయి. 1969 నాటి పోలికల్లోనూ కొద్దిపాటి ఫెరిటిన్ పొర వైపు కనబడింది. అప్పట్లో దాన్ని వేరుచేయడంలో మిగిలిన కల్తీగా తీసుకోవడం తేలిక. ఏ సందేశం ఏ రైబోజోము మీద ఎంత ఉందో ఒక్కొక్క జన్యువుకూ విడిగా చదివే పద్ధతులు ఇప్పుడు చేతికొచ్చాయి. అందువల్ల ఆ కొద్దిపాటి అంశాన్ని కల్తీ అని కొట్టిపారేయకుండా కొలుస్తున్నారు.